ఏసుపాదంగారి మొదటి జవాబు

ఉదయం తొమ్మిదీ పదికి కాఫీ మెషిన్ మనిషి వచ్చాడు. ప్రతి మంగళవారం వచ్చేవాడే. క్యాంటీన్ గోడ వెంట వరసగా ఉన్న మెషిన్లు తెరిచి, కప్పులూ పాలపొడీ చక్కెరా నింపి, నాతో చలి గురించి రెండు ముక్కలు మాట్లాడి వెళ్లేవాడు. ఆ రోజు అన్నిటినీ సగం వరకే నింపాడు. మిగతా పెట్టెలు తోపుడు బండి మీదే ఉన్నాయి.

"మర్చిపోయావా?" అని అడిగాను.

"లేదు. మా ఆఫీసు వాళ్లు ఇంతే వెయ్యమన్నారు."

అతనికి కారణం తెలియదు. నాకూ అప్పటికి తెలియదు. తర్వాతి సోమవారం, మూడో షిఫ్టు తీసేస్తున్నామని కంపెనీ ప్రకటించింది.

ఫ్యాక్టరీలో ఉద్యోగాల కోత వస్తే అందులో పనిచేసేవాళ్లకు అందరికంటే ఆఖర్న తెలుస్తుంది. కాఫీ పోసేవాళ్లకు, పార్కింగ్‌లో మంచు తోసే కాంట్రాక్టర్‌కు, యూనిఫారాలు ఉతికే లాండ్రీకి ముందే తెలుస్తుంది. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరైనా మా పనిలోకి వస్తుంటే, మొదటి రోజే ఈ ముగ్గురితో పరిచయం పెంచుకోండి. హెడ్డాఫీసు మీకు చెప్పనిది వీళ్ల దగ్గర వినొచ్చు.

మా కంపెనీ పేరు రాయను. అమెరికా కార్ల కంపెనీ. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో దానికున్న ఒక ప్లాంటులో నేను లేబర్ రిలేషన్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మా ఇల్లు ఒంటారియోలోనే ఉన్న కేంబ్రిడ్జ్ అనే ఊళ్లో. హైవే మీద రోజూ వెళ్లి వచ్చేదాన్ని. ఈ మధ్య మన పిల్లలు చాలామంది హెచ్‌ఆర్ కోర్సులు చేసి ఉద్యోగాల్లో చేరుతున్నారు. కలిసినప్పుడు, "ఆంటీ, మీ జాబ్‌లో ఏం చేసేవాళ్లు?" అని అడుగుతారు. నిలబడి చెప్పగలిగే జవాబు కాదు కాబట్టి రాస్తున్నాను.

గేటు బయటికి వచ్చే మనిషి

విశాఖలో పర్సనెల్ మేనేజ్‌మెంట్ చదివాక, విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో కొంతకాలం లేబర్ వెల్ఫేర్ ఆఫీసరుగా చేశాను. ఆ మిల్లు మూసిన రోజు గేటుకు ఒక కాగితం అంటించారు. పొద్దున షిఫ్టుకు సైకిళ్ల మీద వచ్చినవాళ్లు అది చదివి, చదవడం రానివాళ్లకు వినిపించి, చాలాసేపు అక్కడే నిలబడ్డారు. యాజమాన్యం తరఫున ఎవరూ బయటికి రాలేదు. నన్నూ వెళ్లొద్దన్నారు.

కెనడా వచ్చాక, ఇక్కడ అలా ఉండదులే అనుకున్నాను. ఇక్కడ ఎవరో ఒకరు బయటికి వచ్చి చెబుతారు. తేడా అంతే. మా ప్లాంటులో అలా వచ్చి చెప్పేవాళ్లలో నేనొకదాన్ని.

కోతలకు కారణాలు ఎప్పుడూ ఉండేవి. కార్లు అమ్ముడుపోవడం లేదన్నారు. మాకు రావలసిన కొత్త మోడల్ ముందు వాయిదా పడింది, తర్వాత అమెరికాలోని ఇంకో ప్లాంటుకు పోయింది. ఆ తర్వాత సరిహద్దు దగ్గర టారిఫ్‌లు వచ్చాయి. ఇవన్నీ నిజమైన కారణాలే. కాని కోత సంగతి చెప్పడానికి పిలిచిన గదిలో ఎదురుగా కూర్చున్న మనిషికి వీటిలో ఒక్కటీ పనికిరాదు. అందుకని గదిలో వాటిని ఎత్తొద్దు. ఆయన అడిగితే చెప్పండి. చాలామంది అడగరు.

గ్లెన్ నేర్పినవి

నా మేనేజర్ పేరు గ్లెన్. ఒంటారియోలోనే పొలాల మధ్య పుట్టి పెరిగినవాడు. లైన్ మీద బోల్టులు బిగించే పనితో మొదలుపెట్టి ఆఫీసులోకి వచ్చాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆయన గదిని ఎలా సర్దుతాడో చూసి నేర్చుకున్నాను.

టిష్యూ పేపర్ల డబ్బా బల్ల మీద పెట్టనిచ్చేవాడు కాదు. "అది కనబడితే, నువ్విప్పుడు ఏడవాలి అని చెప్పినట్టు," అనేవాడు. సొరుగులో ఉంచేవాడు. వచ్చినవాళ్లకు తలుపు పక్క కుర్చీ ఇచ్చేవాడు, లేచి వెళ్లాలనుకుంటే ఎవరినీ దాటుకుని వెళ్లే పని లేకుండా. అసలు విషయం మొదటి వాక్యంలోనే చెప్పి, ఆ తర్వాత ఊరుకునేవాడు.

మొదట్లో నేను ఒకరితో "దురదృష్టవశాత్తు" అని మొదలుపెట్టాను. వాళ్లు వెళ్లాక గ్లెన్ అన్నాడు: "కోతల రోజు వాన పడితే అది దురదృష్టం. ఇది కొందరు కూర్చుని తీసుకున్న నిర్ణయం. ఆ మాట ఇంకెప్పుడూ వాడకు." మళ్లీ వాడలేదు.

రెండో విడత కోతలకు ముందు హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చి మాకు శిక్షణ ఇచ్చాడు. ఏం చెప్పాలో అచ్చు వేసిన కాగితాలు పంచాడు. ఎదుటి మనిషి ఏడిస్తే పది సెకన్లు ఆగి తర్వాతి పేరాకు వెళ్లాలని అందులో ఉంది. గ్లెన్ చెయ్యెత్తి, "పదకొండో సెకనులో కూడా ఏడుస్తుంటే?" అని అడిగాడు. ఆయన దాన్ని మంచి ప్రశ్నగా తీసుకుని, కనుక్కుని చెబుతానన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కార్ల ప్లాంటులో ఒక్క షిఫ్టు కూడా నిలబడి ఉండడు.

వరస కదలడం

యూనియన్ ఉన్న ప్లాంటులో ఒక విభాగం మూసేస్తే, అందులో ఉన్నవాళ్లే ఇంటికి పోతారని లేదు. సీనియారిటీ ఎక్కువ ఉన్న మనిషి, తాను చేయగల ఇంకో పనిలో తనకంటే తక్కువ సీనియారిటీ ఉన్నవాళ్ల చోటు తీసుకోవచ్చు. ఆ చోటు పోగొట్టుకున్నవాళ్లు తమ కింది వాళ్ల చోటు తీసుకుంటారు. ఆఖరివాళ్లు బయటికి పోతారు. దీన్ని బంపింగ్ అంటారు.

దీన్ని తిట్టేవాళ్లున్నారు. నేను తిట్టను. మేనేజరుకు ఎవరంటే ఇష్టమో చూసి తీసేయడం కంటే ఇది ఎంతో మేలు. కాకపోతే, తీసుకునేవాడికీ పోగొట్టుకునేవాడికీ ఒకరినొకరు తెలిసి ఉంటుంది. ఒకే బల్ల దగ్గర భోంచేసి ఉంటారు.

పద్ధతి ఇలా ఉండేది. సీనియర్‌ను గదిలోకి పిలుస్తాం. కంపెనీ తరఫున గ్లెన్, నేను. యూనియన్ తరఫున డెనీస్ అనే ఆవిడ. ఫలానా పని ఉంది, తీసుకుంటావా అని అడుగుతాం. యూనియన్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం మర్నాడు షిఫ్టు అయ్యేదాకా జవాబు ఇవ్వొచ్చు. కాని అంతదాకా ఎవరూ ఆగేవారు కాదు. గదిలో ఏమంటే అదే రాసుకునేవాళ్లం.

ప్యాడీ

ఏసుపాదంగారిది నరసాపురం వైపు. భార్య రత్నకుమారిగారు నర్సు. ఆవిడ ఉద్యోగం మీదే ఇద్దరూ ఈ దేశం వచ్చారు. తర్వాత ఆవిడకు కీళ్లవాతం ముదిరి ఉద్యోగం మానేయాల్సి వచ్చింది. ఇక్కడ ఆసుపత్రికి డబ్బు కట్టనక్కర్లేదు గాని, ఇంట్లో వేసుకునే మందులకు ఉద్యోగం ఇచ్చే ఇన్సూరెన్స్ ప్లాన్ ఉండాలి. ఆవిడ ఇంజెక్షన్లు ఏసుపాదంగారి ప్లాన్ మీద వచ్చేవి. అవి వేసుకుంటే ఆవిడ నడిచేది. వేసుకోకపోతే మంచం మీదనుంచి లేవలేకపోయేది. ఉద్యోగం పోతే కొన్ని నెలలకు ఆ ప్లాన్ కూడా పోతుంది. పెన్షన్‌తో పాటు ప్లాన్ నిలవాలంటే ఆయన ఇంకో రెండేళ్లు పనిచేస్తే చాలు.

ఆయన పని డోర్ లైన్‌లో, కారు తలుపుల చుట్టూ రబ్బరు పట్టీ నొక్కడం. ఏళ్ల తరబడి నొక్కి నొక్కి కుడి భుజం పాడైంది. ఆయన పేరు నోరు తిరగక లైన్ మీద అందరూ "ప్యాడీ" అనేవారు. అది ఐరిష్ వాళ్ల పేరు. ఐరిష్ పండగ రోజు ఎవరో ఆయన నెత్తిన ఆకుపచ్చ టోపీ పెడితే, షిఫ్టంతా దాంతోనే పనిచేశారు. "మా తాత ఊరు డబ్లిన్ పక్కనే, గోదావరి దాటితే వస్తుంది," అని అడిగినవాళ్లకల్లా చెప్పారు.

కిరణ్‌ది హన్మకొండ. ఇక్కడ కాలేజీలో చదువుకోవడానికి వచ్చాడు. ప్లాంటులో అతనికి ఉద్యోగం చూపించింది ఏసుపాదంగారే. ఇద్దరూ కిరణ్ కారులో వచ్చేవారు. కిరణ్ వాటర్ టెస్ట్‌లో ఉండేవాడు. తయారైన కారు మీద నలువైపుల నుంచీ నీళ్లు కొడతారు. తర్వాత లోపల చేత్తో తడిమి, ఎక్కడైనా చెమ్మ ఉందేమో చూడాలి. భుజం ఎత్తనక్కర్లేని పని. డోర్ లైన్ తీసేసినప్పుడు ఏసుపాదంగారు చేయగలిగిన పని అదొక్కటే మిగిలింది. అందులో అందరికంటే జూనియర్ కిరణ్. అతని భార్య స్వాతికి అప్పుడు ఆరో నెల. ఇల్లు కొనడానికి అగ్రిమెంటు చేసుకుని ఉన్నారు.

ఏసుపాదంగారు నాకు తెలుసు. నెలకోసారి ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని జరిగే తెలుగు ఆరాధనలో కలుస్తుండేవాళ్లం. ఆ సంగతి గ్లెన్‌కు ముందే చెప్పాను. "అయితే గదిలో నేనే మాట్లాడతాను, నువ్వు విను," అన్నాడు. అది సరైన పద్ధతే.

గ్లెన్ మొదటి వాక్యంలోనే చెప్పాడు. "ప్యాడీ, డోర్ లైన్ పోతోంది. నీ భుజానికి సరిపోయే పని ఒక్కటే ఉంది, వాటర్ టెస్ట్. అది కిరణ్ చోటు. తీసుకుంటావా?"

ఏసుపాదంగారు నవ్వి చెయ్యి అడ్డంగా ఊపారు. "నో, నో. ఇట్స్ ఓకే. చిన్నవాడు. ఉండనీ."

గ్లెన్ లేచి ఆయనకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. డెనీస్ కళ్లు తుడుచుకుని, "నువ్వు మంచివాడివి ప్యాడీ," అంది. ఆవిడకు అప్పటికే తర్వాతి మీటింగు ఆలస్యమైంది. వెళ్లిపోయింది.

ఏసుపాదంగారు లేవలేదు. గదిలోకి వస్తూ తీసిన టోపీ మోకాలి మీదే ఉంది. బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు. మన ఇళ్లలో వడ్డిస్తుంటే "చాలండి" అని కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, ఆ చేతిని మాత్రం కాస్త పైకే ఉంచేవాళ్లు ఉంటారు. గరిటె దాని కింద నుంచి పోవడానికి చోటుంటుంది. ఆయన అలా కూర్చున్నారు. గ్లెన్ కాగితాలు సర్దుకోవడం చూసి, కాసేపటికి లేచి, "థాంక్యూ సర్. వస్తాను సిస్టర్," అని వెళ్లిపోయారు.

నేను తలుపు మూశాను.

"గ్లెన్, రేపు ఆయన్ని మళ్లీ అడగాలి."

"ఎందుకు? వద్దన్నాడుగా."

"అది ఇంకా జవాబు కాదు. మర్యాద."

"సుగుణా, ఈ వారంలో ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు."

"మా ఇళ్లలో ఎవరూ మొదటిసారే ఔననరు. ముందు వద్దంటారు. ఇచ్చేవాళ్లు మళ్లీ అడుగుతారు. అప్పుడు తీసుకుంటారు. ఆయన రెండోసారి అడుగుతావని కూర్చున్నాడు. నువ్వు షేక్‌హ్యాండ్ ఇచ్చావు."

గ్లెన్ కళ్లజోడు తీశాడు. "మీ ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు నేను మూడుసార్లు వద్దన్నాను. మూడుసార్లూ వేశారు. నేను నిజంగానే వద్దన్నాను, తెలుసా?"

"తెలుసు. అయినా అడగకుండా ఉండలేం."

"అది బిర్యానీ. ఇది ఇంకొకడి ఉద్యోగం. వద్దన్నవాణ్ని మళ్లీ అడిగితే బలవంతం చేసినట్టవుతుంది. రేపు కిరణ్ వచ్చి, ఆయన వద్దన్నా మీరే ఒప్పించారంటే నేనేం చెప్పను?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. "ఆయన ఎందుకు లేవలేదు మరి?" అని మాత్రం అడిగాను. ఆయన లేవకపోవడం గ్లెన్ గమనించలేదు. తలుపు పక్క ఖాళీ కుర్చీ వైపు కాసేపు చూశాడు.

"ఒకరిని అడిగితే అందర్నీ అడగాలి."

"అందర్నీ అడుగుదాం."

"నువ్వు ఈలోపు అతనికి ఫోన్ చెయ్యకూడదు."

చెయ్యలేదు.

మర్నాడు

ఇక్కడ మేము ముగ్గురం కలిసి ఒక పొరపాటు చేశాం. డెనీస్ ఆ మధ్యాహ్నమే కిరణ్ దగ్గరికి వెళ్లి, ప్యాడీ వద్దన్నాడు, నీ ఉద్యోగం నీదే అని చెప్పింది. మంచి వార్త చెప్పే అవకాశం ఆ రోజుల్లో ఆవిడకు అరుదు. మళ్లీ అడుగుతున్నామని ఆవిడకు చెప్పాలని నాకు గాని గ్లెన్‌కు గాని సాయంత్రం దాకా తోచలేదు.

మర్నాడు ఏసుపాదంగారు అదే కుర్చీలో కూర్చున్నారు. గ్లెన్ అడిగాడు: "ప్యాడీ, నిన్న అడిగిందే అందర్నీ మళ్లీ అడుగుతున్నాను. నిన్నటి జవాబు నేను రాసుకోలేదు. వాటర్ టెస్ట్ తీసుకుంటావా?"

ఆయన నా వైపు తిరిగి తెలుగులో చెప్పారు. "రాత్రి స్వాతి పాయసం తెచ్చింది సిస్టర్. ఆ కడుపుతో వంగి నా కాళ్లకి దండం పెట్టింది. నేను తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. గిన్నె ఫ్రిజ్‌లో పెట్టబోతే చోటు లేదు. రత్న ఇంజెక్షన్లు జరిపి పెట్టాను."

గ్లెన్, డెనీస్ ఎదురుచూస్తున్నారు. నేను అనువాదం చెయ్యబోయాను. ఆయన వద్దన్నట్టు తల ఊపి, గ్లెన్ వైపు తిరిగారు.

"ఐ విల్ టేక్ ఇట్," అన్నారు.

డెనీస్ ముఖం పాలిపోయింది. "నేను అతనికి చెప్పేశాను ప్యాడీ."

"తెలుసమ్మా. ఇది నేను చెప్తాను. మీరెవరూ చెప్పొద్దు."

ఆ సాయంత్రం పార్కింగ్‌లో ఏం జరిగిందో తర్వాత ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. ఇద్దరూ ఒక్కలాగే చెప్పారు.

"బెల్టు పెట్టుకోండంకుల్."

"బండి తియ్యకు కిరణ్. కొంచెం ఆగు. వాటర్ టెస్ట్ తీసుకుంటానని చెప్పాను."

"నిన్న వద్దన్నరు గదా."

"అన్నాను. మర్యాదకన్నాను."

"నాకు తెల్వదా అంకుల్ మర్యాద? నేనూ తెలుగోన్నే. రాత్రి పాయసం తెచ్చినప్పుడు అనొద్దా? ఇప్పుడే వద్దమ్మా, తీసుకుపో, అనొద్దా? గిన్నె లోపల పెట్టుకున్నరు."

ఏసుపాదంగారు బెల్టు పెట్టుకున్నారు. కిరణ్ బండి తీశాడు. అది రత్నకుమారిగారి మందులు తెచ్చుకునే రోజు. మందుల షాపు ముందు కిరణ్ ఎప్పటిలాగే ఆపాడు. ఏసుపాదంగారు దిగలేదు.

"పోయి తెచ్చుకోండి," అన్నాడు కిరణ్. "మూసేస్తరు."

అందరికీ

ఆ వారం గదిలోకి వచ్చినవాళ్లనందర్నీ మర్నాడు పిలిచి మళ్లీ అడిగాం. ఇది మనవాళ్ల మొహమాటం సంగతే అనుకున్నాను. కాదు. న్యూఫౌండ్‌లాండ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన మొదటి రోజు, "నాకెవరి చోటూ అక్కర్లేదు," అని బల్ల గుద్ది వెళ్లాడు. రెండో రోజు తల వంచుకుని తీసుకున్నాడు. ఒక పోర్చుగీసు ఆవిడ భయంతో రాత్రి షిఫ్టుకు ఒప్పుకుంది. మర్నాడు వచ్చి, రాత్రిపూట తన తల్లిని చూసేవాళ్లు లేరని వద్దంది. జవాబు మార్చనివాళ్లే ఎక్కువ. వాళ్లు కూడా రెండోసారి చెప్పినప్పుడు కుర్చీలో వెనక్కి ఆనుకుని చెప్పారు.

గ్లెన్ దాన్ని మా పద్ధతి చేశాడు. దానికొక నియమం కూడా పెట్టాడు: రెండో జవాబు వచ్చేదాకా కింది మనిషికి ఎవరూ ఏమీ చెప్పకూడదు. ఆ నియమం కిరణ్ వల్ల వచ్చింది. అతనికి మాత్రం పనికిరాలేదు.

కిరణ్‌కు కిందివరసలో తీసుకోవడానికి ఏ చోటూ లేదు. ఉద్యోగం పోయింది. ఇల్లు కొనడం ఆగిపోయింది, అడ్వాన్సు వెనక్కి రాలేదు. పాప పుట్టాక బ్రిటిష్ కొలంబియా వెళ్లిపోయారు. వాంకూవర్ పక్కన సర్రీలో బస్సులు బాగుచేసే షెడ్డులో పని దొరికిందని విన్నాను. ఏసుపాదంగారు వాటర్ టెస్ట్‌లో ఉండి, పెన్షన్‌కు కావలసిన సర్వీసు పూర్తిచేసి, ప్లాంటు పూర్తిగా మూతపడేముందు దిగిపోయారు.

గ్లెన్‌ను కూడా ఆ ఆఖరి విడతలోనే తీసేశారు. వీడియో కాల్‌లో చెప్పారు. సాక్షిగా నన్ను పక్కన కూర్చోమన్నారు. తెర మీద ఉన్న అమ్మాయి "దురదృష్టవశాత్తు" అని మొదలుపెట్టింది. కాల్ అయిపోయాక గ్లెన్, "ఆ అమ్మాయికి కొత్త. ఎవరైనా చెప్పాలి," అన్నాడు.

హాలు బయట

ఏసుపాదంగారు పోయిన శరదృతువులో చనిపోయారు. గుండె ఆగింది. సమాధి కార్యక్రమం అయ్యాక అందరూ స్కూలు హాలులో భోజనాలకు కూర్చున్నారు. రత్నకుమారిగారు తన కాళ్ల మీద తాను నడిచి వచ్చారు. కిరణ్ వాంకూవర్ నుంచి విమానంలో వచ్చాడు. వస్తాడని నేననుకోలేదు. గాలికోసం బయటికి వచ్చిన నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

"ఆంటీ, ఒకటి అడుగుతా. అంకుల్‌ను రెండోసారి అడగమన్నది మీరేనంట గదా."

"నేనే. ఎవరు చెప్పారు?"

"అంకులే. పోయినేడు ఫోన్ చేసిండు. అన్నేళ్ల తర్వాత."

"ఏమన్నారు?"

"సారీ గీరీ ఏం అనలే. 'రత్న ఇంకా నడుస్తోందిరా' అన్నడు. మంచిదంకుల్ అన్న. పాప ఎట్లుందన్నడు. స్కూల్‌కి పోతుందన్న. అంతే."

"నా మీద కోపం ఉందా?" అని అడిగాను.

"శానా రోజులుండె. ఇప్పుడూ ఉంది కొంచెం. అబద్ధమెందుకు చెప్పాలె?" తర్వాత అన్నాడు, "ఆంటీ, అంకుల్‌ను రెండుసార్లు అడిగిండ్రు. మంచిదే. రత్న ఆంటీ నడుస్తుంది, ఇందాక చూసిన. నన్ను ఒక్కసారన్నా ఎవరన్నా ఏమన్నా అడిగిండ్రా?"

అడగలేదు. కింది మనిషిని అడగడానికి ఏమీ ఉండదు, అతనికి చెప్పడమే ఉంటుంది. నేను ఆ గదిలో గడిపిన ఏళ్లన్నీ పై మనిషిని ఎలా అడగాలా అన్న ఆలోచనతో గడిచాయి. కింది మనిషిని పిలిచి, "నీకేం కావాలి, ఇల్లు ఏమవుతుంది, ఈ నెలలో పోతే కష్టమా, వచ్చే నెలా?" అని అడిగి ఉండొచ్చు. ఒప్పందం అడ్డు చెప్పేది కాదు. మాకెవరికీ తోచలేదు, గ్లెన్‌కు కూడా. ఈ పనిలోకి వచ్చేవాళ్లు దీన్ని నాకంటే ముందే నేర్చుకోవాలని నా కోరిక.

"లేదు కిరణ్," అన్నాను. "అడగలేదు."

"ఆ," అన్నాడు. "లోపలికి పోదాం పదండి. చలిగుంది."

ఇప్పుడు

కిందటి నెల మా స్నేహితుల అమ్మాయి ఇంటికి వచ్చింది. కారు విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్‌లో చేరింది. అక్కడా కోతలు మొదలయ్యాయి. ఇప్పుడు గదిలోకి ఎవరినీ పిలవరట. ఎవరి ఫోన్‌కు వాళ్లకు ఒక లింకు వస్తుంది. తీసుకోవడానికి వీలున్న పని పేరు, కింద ఔను, కాదు అని రెండు బటన్లు. ఏదో ఒకటి నొక్కగానే పేజీ మూసుకుంటుంది. దానివల్ల ఆలస్యం లేదు, కాగితాలు తారుమారు కావు, ఎవరి ముఖమూ ఎవరూ చూడనక్కర్లేదు. ఇవన్నీ ఆ అమ్మాయి చెప్పింది. ఇవన్నీ నిజమే.

నేను ఆమెకు ఏసుపాదంగారి సంగతి చెప్పాను, కిరణ్ సంగతి కూడా. శ్రద్ధగా వింది. మధ్యలో ఫోన్ చూడలేదు.

"వాట్ ఇఫ్ సమ్‌వన్ క్లిక్స్ నో అండ్ డజన్ట్ మీన్ ఇట్?" అని తనే అడిగింది. కాస్త ఆలోచించి, తెలుగులో చెప్పింది: "సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదు ఆంటీ. నేను మా మేనేజర్‌ని అడుగుతా."

అడిగింది. కుదరదన్నారట. నేను తెలిసినవాళ్లందర్నీ కనుక్కున్నాను. నాకు తెలిసిన ఏ ప్లాంటులోనూ ఇప్పుడు మర్నాడు పిలిచి మళ్లీ అడగడం లేదు.